రంధ్ర పరిమాణమా, గోడ స్వభావమా? : బ్రౌన్‌స్టీన్–టార్ నమూనా – విమర్శనాత్మక పరిశీలన

కేంద్రక అయస్కాంత అనునాద పద్ధతిలో, ఉత్తేజితమైన ప్రోటాన్ స్పిన్‌ల సంకేతం క్షీణించే కాలాన్ని తిర్యక్ రిలాక్సేషన్ కాలం అంటారు. విడి నీటిలో ఇది సుమారు 2–3 సెకన్లు. రాతి సూక్ష్మరంధ్రాలలో నీటి అణువులు గోడలను తాకుతూ ఉండటంవల్ల మిల్లీసెకన్లకు కూడా పడిపోతుంది. ఈ తగ్గుదల నుంచి రంధ్ర పరిమాణాన్ని అంచనా వేయడానికి ఆధారం బ్రౌన్‌స్టీన్, టార్ 1979లో ప్రతిపాదించిన నమూనా. అది జీవకణాలలోని నీటిని వివరించడానికి రూపొందినది. తరువాత శిలల అధ్యయనానికి విస్తరించింది.

ఈ నమూనా ప్రకారం రిలాక్సేషన్ రేటుకు గోడ చేసే చేర్పు రెండు రాశుల లబ్ధం: గోడ ప్రభావ గుణకం, ఉపరితల–ఘనపరిమాణ నిష్పత్తి. కొలతలో దొరికేది లబ్ధం మాత్రమే. సెకనుకు 10 మైక్రోమీటర్ల గుణకంతో 10 మైక్రోమీటర్ల వ్యాసార్థంగల గోళాకార రంధ్రం, 20 గుణకంతో 20 మైక్రోమీటర్ల రంధ్రం – రెండింటిలోనూ గోడవల్ల ఏర్పడే కాలం దాదాపు 0.33 సెకన్లే. గోడపై ఇనుప ఆక్సైడ్ల వంటి పరా అయస్కాంత పదార్థాలు ఉంటే గుణకం పెరుగుతుంది.

మియాపూర్ నేల కింద ఉన్నది గ్రానైట్. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరంలో జరిగిన భారత–ఫ్రెంచ్ అధ్యయనాలు ఇటువంటి శిలలో పైన శైథిల్యం చెందిన పొర, దాని కింద పగుళ్ళ పొర ఉంటాయని చూపాయి. పై పొరలోని ఇనుము గుణకాన్ని చోటుచోటుకూ మార్చగలదు. కింది పొరలో చిక్కు వేరు. గుణకాన్ని రంధ్ర పరిమాణంతో గుణించి వ్యాపన గుణకంతో భాగించినపుడు విలువ 1 కన్నా చాలా తక్కువైతేనే పై సరళ సూత్రం చెల్లుతుంది. మిల్లీమీటరు వెడల్పు పగులులో, గుణకం 20 అయితే, అర్ధ వెడల్పుతో లెక్కించిన ఈ విలువ 4 దాటుతుంది. అక్కడ ఒకే ఘాతాంక క్షీణతను ఊహించడం అసంగతం.

ఈ దోషం లెక్కకే పరిమితం కాదు. పారగమ్యతను రంధ్ర పరిమాణ వర్గానికి అనుపాతంగా అంచనా వేస్తారు. పరిమాణంలో రెండింతల పొరపాటు పారగమ్యతలో నాలుగింతలవుతుంది. బోరు దిగుబడిపై నిర్ణయం ఆ సంఖ్యపైనే నిలుస్తుంది.

అయినా నమూనాను త్రోసిపుచ్చనక్కరలేదు. సంకేతపు తొలి పరిమాణం నీటి రాశిని సూచించడానికి ఈ ఊహ అవసరం లేదు. రంధ్ర పరిమాణాన్ని ప్రకటించేటపుడు మాత్రం అదే స్థలపు రాతి నమూనాలపై, వాయు అధిశోషణం వంటి స్వతంత్ర పద్ధతిలో ఉపరితల వైశాల్యాన్ని కొలిచి గుణకాన్ని నిర్ధారించాలి. ఇతర శిలల గుణకాన్ని అరువు తెచ్చుకొన్న ఫలితం కొలత కాదు, ఊహ మాత్రమే.