జ్ఞాపికగా నాటకరంగం: బ్రాడ్వే వార్షిక గ్రంథాలు – ఒక పరిశీలన

దృశ్యకావ్యం చదువుకోవడానికి మిగులుతుంది, చూడడానికి మిగలదు. నాటక సాహిత్య చరిత్రకూ నాటక ప్రదర్శన చరిత్రకూ మధ్య ఉన్న దూరానికి ఇదే మూలం. ముద్రిత ప్రతి గ్రంథాలయానికి చేరుతుంది. నటుడి వాచికం, తెర లాగినవాడి చేతివాటం, ఆ రాత్రి ప్రేక్షకుల స్పందన ఎక్కడికీ చేరవు. ఈ లోటును పూరించడానికి న్యూయార్కు నగరపు బ్రాడ్వే నాటకరంగం ఇరవయ్యో శతాబ్దం తొలి భాగం నుంచి వార్షిక గ్రంథాలను ఆశ్రయించింది. ప్రతి గ్రంథమూ అంతకుముందున్నది విడిచిపెట్టిన దానిని పట్టుకోవడానికి ప్రయత్నించింది. ఆ క్రమంలో చివరిదైన ‘ప్లేబిల్ బ్రాడ్వే ఇయర్‌బుక్’ను ప్రధానంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వీటిలో మొదటిది బర్న్స్ మాంటిల్ ప్రారంభించిన ‘బెస్ట్ ప్లేస్’. 1919–20 నాటక ఋతువుతో మొదలైన ఈ సంపుటాల్లో ఏటా పది నాటకాలను ఎంపిక చేసి, కొన్ని ఘట్టాలను సంభాషణలతోనూ మిగిలిన కథను సంగ్రహంగానూ అందించేవారు. పాత్రధారుల జాబితా, ప్రారంభ తేదీ, ప్రదర్శనల సంఖ్య అనుబంధంగా ఉండేవి. యూజీన్ ఓనీల్ ‘బియాండ్ ది హొరైజన్’ తొలి సంపుటంలోనే చోటు చేసుకోవడం మాంటిల్ అభిరుచికి నిదర్శనం. అయితే ఇక్కడ నాటకమంటే వాచకమే. నటులు జాబితాలోని పేర్లుగా మాత్రమే కనిపిస్తారు.

డేనియల్ బ్లమ్ 1944–45 ఋతువుతో ప్రారంభించిన ‘థియేటర్ వరల్డ్’ ఆ దృష్టిని నటుడి వైపు మళ్లించింది. ఇది ప్రధానంగా ఛాయాచిత్రాల గ్రంథం. 1965లో బ్లమ్ మరణించిన తరువాత జాన్ విల్లిస్ దీనిని నాలుగు దశాబ్దాలకు పైగా కొనసాగించారు. తొలి సంపుటం పరిధిలోకి వచ్చిన ఋతువులోనే టెన్నెసీ విలియమ్స్ ‘ది గ్లాస్ మెనాజరీ’ 1945 మార్చి 31న బ్రాడ్వేకు వచ్చింది. అందులో తల్లి అమాండా పాత్ర ధరించిన లారెట్ టేలర్ నటనను అమెరికన్ రంగస్థల చరిత్రలో పరాకాష్ఠగా చెప్పుకుంటారు. మరుసటి ఏడాదే ఆమె మరణించారు. ఆ ప్రదర్శనను చలనచిత్రంగా ఎవరూ చిత్రించలేదు. మిగిలినవి కొన్ని ఛాయాచిత్రాలు, చూసినవారి మాటలు మాత్రమే. ఛాయాచిత్రం ఆంగికంలో ఒక్క క్షణాన్ని ఆపి చూపగలదు. వాచికాన్ని చూపలేదు. ‘థియేటర్ వరల్డ్’ విలువా, పరిమితీ ఇక్కడే తెలుస్తాయి.

న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ 1970లో ప్రదర్శనలను దృశ్య రూపంలో భద్రపరిచే విభాగాన్ని ప్రారంభించాక, ప్రదర్శనను నమోదు చేయడమే వార్షిక గ్రంథపు ఏకైక బాధ్యతగా ఉండవలసిన అవసరం తగ్గింది. మరి గ్రంథం ఏం చేయాలి? 1884 నుంచి ప్రేక్షకుల చేతికి ఉచితంగా కరదీపికలు అందిస్తున్న ‘ప్లేబిల్’ సంస్థ, రాబర్ట్ వియాగస్ సంపాదకత్వంలో 2004 జూన్ – 2005 మే ఋతువుతో ప్రారంభించిన ఇయర్‌బుక్ ఈ ప్రశ్నకు ఊహించని సమాధానం చెప్పింది. అది నమూనాగా స్వీకరించింది నాటక విమర్శను కాదు, అమెరికన్ పాఠశాలల్లో విద్యా సంవత్సరం చివర విద్యార్థులకిచ్చే జ్ఞాపిక పుస్తకాన్ని. తరగతిలోని ప్రతి విద్యార్థి ముఖమూ అందులో ఉండాలన్నది ఆ పుస్తకపు నియమం. మొదటి మార్కు వచ్చినవాడికీ తప్పినవాడికీ ఒకే కొలత ఫోటో.

ఈ నియమాన్ని రంగస్థలానికి అన్వయించడంలోనే ఇయర్‌బుక్ ప్రత్యేకత ఉంది. ప్రధాన నటుల పక్కనే అవసరమైతే వారి స్థానంలో నిలబడే ప్రత్యామ్నాయ నటులు, వాద్యబృందం, దుస్తులు తొడిగే సహాయకులు, దీపాలు నడిపేవారు, టిక్కెట్లు అమ్మేవారు, ప్రేక్షకులకు కుర్చీ చూపించేవారు, వెనుక ద్వారం దగ్గర కాపలా కాసే వ్యక్తి – అందరూ పేర్లతో, ముఖాలతో కనిపిస్తారు. కొద్ది రోజులకే తెర దించేసిన నాటకానికీ ఒక అధ్యాయం ఉంటుంది. జయాపజయాలను కొలమానంగా తీసుకునే విమర్శ ఇలాంటి నాటకాలను ఒక వాక్యంలో దాటేస్తుంది. ఇక్కడ ఆ నాటకం కోసం పనిచేసినవారి శ్రమ నాటకంతోపాటు కొట్టుకుపోలేదు.

దీర్ఘకాలం ఆడిన నాటకాల విషయంలో ఈ పద్ధతి మరింత ఆసక్తికరమైన ఫలితాన్నిచ్చింది. 1988 జనవరిలో బ్రాడ్వేలో ప్రారంభమైన ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ 2023 వరకు ఆడింది. ‘బెస్ట్ ప్లేస్’ దృష్టిలో అది ఒకే ఒక ఋతువుకు చెందిన రచన. ఇయర్‌బుక్‌లో అది ఏటా తిరిగి వచ్చేది. వాచకం మారలేదు, ముసుగు మారలేదు, దాని వెనుక మనుషులు మాత్రం మారుతుంటారు. ప్రదర్శన అనేది ఒక సంఘటన మాత్రమే కాదు, నిత్యం సాగే వృత్తి జీవితం కూడా అన్న సంగతిని వరుస సంపుటాలు పక్కపక్కన పెట్టి చూస్తే గాని గ్రహించలేము.

ప్రతి అధ్యాయంలోనూ ఆ బృంద సభ్యులొకరు రాసిన జ్ఞాపకాల పుట ఉంటుంది. తెర వెనుక ఆచారాలు, ముద్దుపేర్లు, ఇష్టమైన చిరుతిండి, ప్రదర్శన తరువాత చేరే స్థలం వంటివి అందులోని విషయాలు. పైకి అల్పంగా కనిపించే ఈ సమాచారంలో జానపద విజ్ఞాన పరిశోధకులకు పనికివచ్చేది చాలా ఉంది. ఉదాహరణకు సంగీత నాటకాల ప్రారంభ రాత్రి జరిగే అంగీ సంప్రదాయం. బృందనటుల్లో బ్రాడ్వే అనుభవం అందరికన్నా ఎక్కువ ఉన్నవారికి ఆ అంగీ దక్కుతుంది. వారు దానిని ధరించి రంగస్థలాన్ని మూడుసార్లు చుట్టి వస్తారు. మిగిలినవారు శుభం కోసం దాన్ని తాకుతారు. ఆ నాటకపు గుర్తు ఒకటి దానికి కుట్టి తరువాతి నాటకానికి పంపుతారు. 1950లో మొదలైన ఈ ఆచారంలో గౌరవం నాయకపాత్రధారికి కాక గుంపులో నిలబడేవాడికి దక్కడం గమనార్హం. ఈ అంగీ ఏ ఏడు ఎవరికి దక్కిందో నాటక విమర్శ రాయదు, ఇయర్‌బుక్ రాసేది.

లోపాలు లేవని కాదు. ఇచ్చిన శీర్షికల కింద జవాబులు రాయడం వల్ల జ్ఞాపకాలన్నీ ఒకే మూసలోకి వచ్చేస్తాయి. ఆ శీర్షికలు ఎక్కువగా ఆహ్లాదం వైపే మొగ్గుతాయి. వేతనం, గాయం, విభేదం వంటి వాటికి అక్కడ చోటు దొరకడం కష్టం. రంగస్థలాన్ని నమ్ముకుని వ్యాపారం చేసే సంస్థ ప్రచురించిన గ్రంథం కనుక ఇది సహజమేననవచ్చు. అయినా చరిత్రకారుడు ఇయర్‌బుక్‌ను ఎవరు ఉన్నారన్నదానికి ప్రమాణంగా తీసుకోవచ్చు గాని, ఎలా ఉన్నారన్నదానికి తీసుకోరాదు.

‘ఎవరు ఉన్నారు’ అన్న ప్రశ్న చిన్నది కాదు. నాట్యశాస్త్రం చివరి అధ్యాయాల్లో భరతుడు నాట్యబృందాన్ని పేర్కొంటూ సూత్రధారుడితో, విదూషకుడితో ఆగలేదు. కిరీటాలు చేసేవాడిని, ఆభరణకర్తను, మాలలు అల్లేవాడిని, వేషకారుడిని, చిత్రకారుడిని, బట్టలుతికే రజకుడిని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. పోణంగి శ్రీరామ అప్పారావు తెలుగు చేసిన ఈ గ్రంథాన్ని మన విభాగాల్లో రస ప్రకరణం కోసం చదివినంతగా ఈ జాబితా కోసం చదవడం లేదు. ‘కన్యాశుల్కం’ 1897, 1909 ప్రతుల పాఠభేదాలపై వెలువడిన పరిశోధనతో పోలిస్తే, 1892లో విజయనగరంలో తొలి ప్రదర్శనను రంగానికెక్కించినవారిపై వెలువడినది అత్యల్పం. తెలుగు నాటక చరిత్రను మాంటిల్ పద్ధతిలో రాసుకున్నాం.

తెలుగునాట జ్ఞాపికలు లేకపోలేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన నాటి నుంచి విస్తరించిన పరిషత్తుల సంప్రదాయంలో వార్షిక పోటీలతోపాటు ప్రత్యేక సంచిక కూడా భాగమైంది. ఇయర్‌బుక్‌కూ దీనికీ మధ్య నిర్మాణపరమైన భేదం ఒకటుంది. ఇయర్‌బుక్ ఋతువు ముగిశాక వచ్చేది. పరిషత్తు సంచిక సాధారణంగా పోటీల ప్రారంభ సభలోనే ఆవిష్కృతమవుతుంది. అందువల్ల అది జరిగినదాన్ని గాక జరగబోయేదాన్ని నమోదు చేస్తుంది: అతిథుల సందేశాలు, దాతల ఛాయాచిత్రాలు, వాణిజ్య ప్రకటనలు, సమాజాల పేర్లు, నాటికల పేర్లు. చివరి నిమిషంలో రాలేకపోయిన సమాజం కూడా అందులో వచ్చినట్లే ఉంటుంది. జరిగినది తెలియాలంటే మరుసటి ఏటి సంచికలోని బహుమతుల జాబితా చూడాలి. పరిషత్తు ఆగిపోతే ఆ చివరి ఏటి ఫలితాలు ఏ సంచికలోకీ ఎక్కవు.

కాబట్టి ఈ సంచికలను విడివిడిగా గాక వరుసగా, ఒక ఏటి కార్యక్రమాన్ని మరుసటి ఏటి ఫలితాలతో సరిపోల్చుతూ చదవవలసి ఉంటుంది. ఆ బహుమతుల జాబితాల్లో ఉత్తమ రచన, ఉత్తమ నటుడు అన్న శీర్షికలను దాటి కిందికి వస్తే ఆహార్యం, రంగాలంకరణ, సంగీతం అన్న శీర్షికలు కనిపిస్తాయి. వాటి ఎదుట అచ్చయిన పేర్లలో అధిక భాగం తెలుగు నాటక చరిత్ర గ్రంథాల సూచికల్లోకి ఇంకా రాలేదు.