లారీని వెనక నుంచే చూస్తాం

2024 జనవరి 2న హైదరాబాద్ చంచల్‌గూడలో ఒక జొమాటో డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డర్ పట్టుకెళ్తున్న వీడియో దేశమంతా తిరిగింది. బంకుల్లో పెట్రోలు లేదు, అందుకని గుర్రం. మీలో చాలామంది చూసే ఉంటారు, నవ్వుకుని ఇంకొకరికి పంపే ఉంటారు. పెట్రోలు ఎందుకు లేదో మాత్రం ఎంతమందికి గుర్తుందో చెప్పలేను. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు అని భారతీయ న్యాయ సంహితలో రాశారు. ఆగితే జనం చేతిలో దెబ్బలు, ఆగకపోతే జైలు అన్నది డ్రైవర్ల గోడు. దాని మీదే లారీలు, ట్యాంకర్లు ఆపేశారు. చివరికి 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క క్లాజును పక్కన పెట్టారు.

ఆ రెండు రోజుల బొమ్మల్ని ఇప్పుడు తలుచుకుంటే నాకు మూడు రకాలు గుర్తొస్తున్నాయి. బంకుల ముందు బైకుల బారులు. రోడ్డు పక్కన వరసగా నిలబడ్డ లారీలు. గుర్రం. సమ్మె చేసిన మనిషి ముఖం ఒక్కటీ మనసులో మిగల్లేదు. అతను పని మానేస్తే మనకేమైందో ఫొటో తీశారు. అతనికేమైందని మానేశాడో తీయలేదు.

లారీ డ్రైవరు జీవితాన్ని ఫొటో తీయడం అంటే అసలు దేన్ని ఫొటో తీయడం? ఆ ప్రశ్న పట్టుకుని కొన్ని పుస్తకాల్నీ, కొంత బెజవాడనీ చూద్దామని ఈ వ్యాసం.

*

లారీ ఫొటో అనగానే కళ్లముందుకొచ్చేది దాని వెనకభాగం. మనం లారీని చూసేదే అలాగ కదా. కారులోంచో బైకు మీంచో, ఓవర్‌టేక్ చేయడానికి సందు వెతుక్కుంటూ చూస్తాం. హారన్ ప్లీజ్, తామరపువ్వు, దిష్టిబొమ్మ, 'నన్ను చూసి ఏడవకు'. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డాన్ ఎక్‌స్టైన్ మన దేశంలో వేల కిలోమీటర్లు తిరిగి, అలంకరించిన ట్రక్కుల మీద 'హార్న్ ప్లీజ్' అని ఒక ఫొటో పుస్తకమే వేశాడు. శంతను సుమన్ ట్రక్కు కళ మీద అదే పేరుతో డాక్యుమెంటరీ తీశాడు. రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. ఎక్‌స్టైన్ పుస్తకంలో మధ్యమధ్యలో డ్రైవర్ల ముఖాలూ ఉంటాయి.

ఈ పనిని తీసిపారేయను. బ్రష్షుతో వేసే చోట స్టిక్కరు అంటిస్తున్న కాలం ఇది. పెయింటరు చేతిపనికి రికార్డంటూ ఒకటి ఉండాల్సిందే. నా పేచీ ఒక్కచోటే. ఆ రంగులన్నిటినీ డ్రైవరు మనసు అన్నట్టు చదవడం దగ్గర.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట నిలబడితే ఆ సంగతి తేలిపోతుంది. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని ఊరు చెప్పుకునే చోటు. ఛాసిస్ ఒట్టి అస్థిపంజరంలా వస్తుంది. వడ్రంగి, వెల్డరు, పెయింటరు చేతుల మీదుగా లారీ అయి బయటికి పోతుంది. ఏ రంగు కొట్టాలో, అద్దం పైన ఎవరి పేరు రాయాలో పెయింటరుకి చెప్పేది డబ్బు కట్టే ఓనరు. ముందు కనిపించే పిల్లల పేర్లు చాలాసార్లు ఓనరు పిల్లలవి. దేవుడు కూడా ఓనరు ఇలవేల్పే. సొంత బండి తోలుకునేవాళ్లు లేకపోలేదు, వాళ్ల సంగతి వేరు. జీతానికి తోలేవాడికి సొంతం అంటూ ఏదన్నా ఉంటే క్యాబిన్ లోపల ఉంటుంది. సీటు వెనక చుట్టిపెట్టిన దుప్పటి, మాసిన తువ్వాలు, మందుల కవరు, ఎండకి అడ్డంగా దించే పలక సందులో దోపిన పాస్‌పోర్టు సైజు ఫొటో. బయట గోడ ఓనరుది, లోపలి అర ఇతనిది. కెమెరా మాత్రం గోడ దగ్గరే ఆగిపోతోంది.

*

మరి తెలుగులో డ్రైవరు ముఖం లేదా అంటే, ఉంది. గోడల నిండా ఉండేది. 1979లో 'డ్రైవర్ రాముడు', 1990లో 'లారీ డ్రైవర్'. సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులతో నిండిన బెజవాడ గాంధీనగర్‌కి ఆ పోస్టర్లు కొత్త కాదు. కాకపోతే ఆ ముఖాలు ఎన్టీఆర్‌వి, బాలకృష్ణవి. ఆ తర్వాత ఎయిడ్స్ ప్రచారం రోజులొచ్చాయి. అప్పటి ఆరోగ్య కార్యక్రమాల భాషలో లారీ డ్రైవర్లు 'బ్రిడ్జ్ పాపులేషన్', అంటే జబ్బును ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి దాటించే వంతెన. బొమ్మలూ ఆ భాషకి తగ్గట్టే ఉండేవి. రాత్రి, డాబా లైటు, మసకబారిన ముఖం. ఆ ప్రచారం ప్రాణాలు కాపాడింది, కాదనను. ముఖం దాచడానికీ సరైన కారణమే ఉంది. అయినా తెర మీద హీరోగా, పోస్టరు మీద జబ్బుగా కనబడి, మామూలు మనిషిగా ఎక్కడా కనబడకపోతే ఆ లోటు ఎక్కడో తేలుతుంది. 2024 జనవరిలో తేలింది.

*

ఈ బొమ్మలన్నీ లారీని కదిలే వస్తువుగానే చూస్తాయి. రోడ్డు, వేగం, దూరం. డ్రైవరు బతుకులో పెద్ద భాగం కదలకుండా ఉండటమే.

కైకలూరు చేపల లారీని తీసుకోండి. కొల్లేరు చుట్టూ చెరువుల్లో పట్టిన చేప ఐసు పెట్టెల్లో సర్దుకుని సుమారు 1,200 కిలోమీటర్ల అవతలి హౌరాకి, అక్కణ్ణించి ఇంకా పైకి అస్సాం దాకా పోతుంది. బండి కదిలిన దగ్గర్నుంచీ ఐసే గడియారం. అది కరుగుతూ వెనక నుంచి నీళ్లు కారుతుంటాయి. మార్కెట్ వేళ దాటితే సరుకు రేటు పడిపోతుంది, మాట పడేది డ్రైవరు. అందుకని నిద్ర ఆపుకుంటాడు. రాజమండ్రి, విశాఖ, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్. అతని తలలో ఇవన్నీ మిగిలిన గంటల లెక్కలు.

సరే, చేరాడు. సరుకు దించారు. ఇప్పుడు రిటర్న్ లోడు దొరకాలి. ఒక రోజు పట్టొచ్చు, నాలుగు రోజులు పట్టొచ్చు. పోయేటప్పుడు నిమిషం కూడా లెక్కే, వచ్చేటప్పుడు రోజుకి కూడా లెక్క లేదు. ఒకే మనిషి ఒకే ట్రిప్పులో ఈ రెండు కాలాల్లోనూ బతుకుతాడు. మామిడి సీజనులో నున్న మార్కెట్ నుంచి ఉత్తరాదికి పోయే లారీకీ ఇదే వరస. ధాన్యం, సిమెంటు లారీలకి ఇంకో తీరు: కాటా దగ్గర వెయిటింగ్, గోడౌను గేటు దగ్గర వెయిటింగ్, హమాలీలు వచ్చేదాకా వెయిటింగ్. ఆటోనగర్‌లో స్పేరు పార్టు వచ్చేదాకా బండి కిందే చాప.

చట్టంలో అయితే అంతా బాగానే ఉండేది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని అనేది. కాకపోతే అది వర్తించింది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. మన దగ్గర ఒకటీ రెండూ లారీలున్న ఓనర్లే ఎక్కువ. 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ విజయవాడతో కలిపి 10 నగరాల్లో 1,200 మందికి పైగా డ్రైవర్లని అడిగితే, సగటున రోజుకి 12 గంటల దాకా తోలుతున్నామన్నారు. అలసటగా ఉన్నా, నిద్రొస్తున్నా తోలుతామని సుమారు సగం మంది ఒప్పుకున్నారు. మావాళ్లని ఈ పనిలోకి రమ్మని చెప్పం అన్నవాళ్లు 84 శాతం.

ఈ 84 శాతాన్ని ఫొటో తీయడం ఎలా? రంగుల్లో అది కనిపించదు. ముడతల ముఖాన్ని దగ్గరగా తీసి నలుపు తెలుపులోకి మార్చినా కనిపించదు. వెయిటింగ్‌ని చూపించాలంటే ఒక్క బొమ్మ చాలదు. అదే గేటు, అదే మనిషి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మళ్లీ మర్నాడు. అలాంటి వరస కావాలి. ఫొటోగ్రాఫరు కూడా అన్ని గంటలూ అక్కడే పడి ఉంటే గానీ ఆ వరస రాదు. అంటే ఈ సబ్జెక్టుకి ముందు కావలసింది టైము. మంచి లెన్సు సంగతి తర్వాత.

*

జాన్ బెర్జర్ రాసి, జాఁ మోర్ ఫొటోలు తీసిన 'ఎ సెవెన్త్ మ్యాన్' (1975) యూరప్‌లో వలస కూలీల మీద పుస్తకం. అందులో ఒక సంగతి నన్ను వదలదు. పోర్చుగల్ నుంచి దొంగదారిన సరిహద్దులు దాటేవాళ్లు బయల్దేరే ముందు తమ ఫొటో ఒకటి రెండుగా చింపేవాళ్లు. ఒక సగం దారి చూపించేవాడికి, ఇంకో సగం తన దగ్గర. క్షేమంగా చేరాక తన సగాన్ని ఇంటికి పంపేవాడు. దారి చూపినవాడు తన సగం తెచ్చి చూపిస్తే, రెండూ కలిస్తే, ఇంటివాళ్లు డబ్బిచ్చేవాళ్లు. అక్కడ ఫొటో పని చేసింది. రసీదైంది, ఉత్తరమైంది.

మన డ్రైవరు ఫోను తెరిచి చూస్తే అలాంటి ఫొటోలే ఉంటాయి. పట్టా కట్టిన లోడు, కాటా చీటీ, పగిలిన టైరు, దించాక వేయించుకున్న సంతకం. అన్నీ ఓనరుకి వాట్సాప్‌లో పంపినవి, నేను నా పని చేశాను అనడానికి సాక్ష్యాలు. వాటి మధ్యలో పాప పుట్టినరోజు కేకు. డ్రైవరు జీవితం మీద ఎవరన్నా ప్రదర్శన పెడితే నేను ముందు చూడాలనుకునేది ఆ ఫోను గ్యాలరీనే. అతని అనుమతితోనే, అతను తీసేయమన్నవి తీసేశాకే.

జిమ్ గోల్డ్‌బర్గ్ 'రిచ్ అండ్ పూర్' (1985) ఇక్కడ పనికొస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో పేదవాళ్లనీ డబ్బున్నవాళ్లనీ ఫొటోలు తీసి, ప్రింటు వాళ్ల చేతికే ఇచ్చి దాని మీద రాయమన్నాడు. బొమ్మ ఒకటి చెప్తుంటే కింద చేతిరాత ఇంకోటి చెప్తుంది. చాలాసార్లు బొమ్మనే కొట్టేస్తుంది. లారీ వెనక రాత ఓనరుది అనుకున్నాం కదా. డ్రైవరు రాయడానికి ఇంకా చోటు దొరకలేదు. ఈ పద్ధతి అతనికి ఆ చోటు ఇస్తుంది.

ఎక్కడ కూచుని తీయాలన్నది ఇంకో ప్రశ్న. రఘుబీర్ సింగ్ చనిపోయాక 2002లో వచ్చిన 'ఎ వే ఇంటూ ఇండియా'లో దేశమంతా అంబాసిడర్ కారు కిటికీల్లోంచి, అద్దాల్లోంచి కనిపిస్తుంది. కారులో కూచున్నవాడి చూపు అది. లారీలో ఆ చోటు క్లీనరు సీటు. ఇప్పుడు ఖర్చు తట్టుకోలేక చాలా బండ్లు క్లీనరు లేకుండానే నడుస్తున్నాయి, ఆ సీటు ఖాళీ. రజత్ ఉభయ్‌కర్ 'ట్రక్ దే ఇండియా!' (2019) రాసింది అలా లారీ డ్రైవర్ల పక్కన కూచుని దేశం తిరిగే. క్లీనరు పనేంటి? రివర్స్ చేసేటప్పుడు దారి చెప్పడం, టైర్లు తట్టి చూడటం, తెల్లవారుజామున డ్రైవరన్నకి కునుకు పట్టకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండటం. అలా మాట్లాడుతూ ఉన్నవాడు తీసే ఫొటో, వెనక కారులోంచి జూమ్ చేసినవాడు తీసే ఫొటో ఒకటి కావు.

*

డ్రైవర్లే తీసుకుంటున్నారుగా, మధ్యలో మీరెందుకు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జార్ఖండ్ డ్రైవరు రాజేశ్ రవానీ ట్రక్కులో వంట చేస్తూ, దారిలో కబుర్లు చెప్తూ తీసే యూట్యూబ్ వీడియోలకి లక్షలమంది ఉన్నారు. మొదట్లో గొంతు మాత్రమే వినిపించేవాణ్ణి, ముఖం చూపించమని చూసేవాళ్లే అడిగారు అని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. నాకు చాలా నచ్చిన సంగతి ఇది. ఎవరో వచ్చి తీసేదాకా ఆగకుండా, అడిగితే తన ముఖం తనే చూపించాడు.

కానీ జీతానికి తోలే డ్రైవరు పెట్టే వీడియో ఓనరు కూడా చూస్తాడు, చెక్‌పోస్టులో ఉన్నవాళ్లూ చూస్తారు. ఆ ఎరుకతో తీసేదాంట్లో వంట వస్తుంది, వాన వస్తుంది. బత్తా ఎగ్గొట్టిన సంగతి, నిద్రమత్తులో తోలిన రాత్రి, దారి మామూళ్లు రావు. బయటి ఫొటోగ్రాఫరు అవసరం అక్కడుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. బండి కింద నిద్రపోతున్న డ్రైవరు ఫొటో మనకి ఎంతో ఇష్టం. చూడగానే అయ్యో అనిపిస్తుంది. నంబరు ప్లేటుతో సహా అది బయటికొస్తే, సరుకు ఆలస్యమైన రోజున అదే ఓనరు చేతిలో సాక్ష్యం. నిద్రలో ఉన్నవాణ్ణి అనుమతి అడగలేం. లేచాక అడగొచ్చు. అడగనివాడు ఎంత బాగా తీసినా నాకు ఆ ఫొటో వద్దు.

*

చెన్నై–కోల్‌కతా రోడ్డు, హైదరాబాద్–మచిలీపట్నం రోడ్డు కలిసే ఊరు బెజవాడ. బెంజ్ సర్కిల్ మీద ఫ్లైఓవర్లు వచ్చాక పెద్ద లారీలు ఊరి తల మీదుగా పోతున్నాయి. బైపాసుతో ఆ చప్పుడూ తగ్గుతుంది. ట్రాఫిక్‌కి మంచిదే. ఊరివాళ్ల కంటికి లారీ ఇంకాస్త దూరమవుతుందన్నది కూడా నిజమే. ఇకమీదట చూడాలనుకున్నవాళ్లే వెతుక్కుంటూ వెళ్లి చూడాలి.

ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం తీసే కుర్రాళ్లూ అమ్మాయిలూ ఈ ఊళ్లో బోలెడుమంది, బాగా తీస్తారు కూడా. వాళ్లలో ఒకరన్నా కైకలూరు నుంచి హౌరా దాకా ఒక ట్రిప్పు క్లీనరు సీట్లో వెళ్లి రావాలని నా ఆశ. పోయేటప్పుడు తీసినవాటికన్నా, రిటర్న్ లోడు కోసం ఆగిపోయిన రోజుల్లో తీసినవే ఎక్కువ తీసుకురండి. తిరిగొచ్చాక ప్రింట్లు వేసి, హాలు బుక్ చేసుకునే ముందు అవి డ్రైవరన్న చేతికివ్వండి, పెన్నుతో సహా. ఏదన్నా కొట్టేస్తే కొట్టేయనివ్వండి. రాసినంత రాయనివ్వండి. అవే గోడకి పెట్టండి, నేను వచ్చి చూస్తాను.