వన్స్ మోర్ అనని పద్యం

కనుమ రోజు రాత్రి పదిన్నరకి తెర లేచింది. తెనాలి దగ్గర మా తాతయ్య ఊళ్లో, రామాలయం పక్కన వేసిన స్టేజీ మీద, శ్రీకృష్ణ రాయబారం. వేసినవాళ్లెవరూ వృత్తి నటులు కారు. కృష్ణుడు రిటైరైన లెక్కల మాస్టారు, దుర్యోధనుడికి ఎరువుల కొట్టుంది, ద్రౌపది డిగ్రీ చదివే అమ్మాయి. కిరీటాలు, డ్రస్సులు అద్దెవి. హార్మోనిస్టుని మాత్రం పక్క ఊరి నుంచి డబ్బిచ్చి తెచ్చుకున్నారు.

నేను హైదరాబాద్ నుంచి వెళ్లింది నాటకం కోసం కాదు, తాతయ్య కోసం. ఎనభై రెండేళ్ల ఆయనకి ఈ పద్యాలన్నీ నోటికొచ్చు. నాకు ఒక్కటీ రాదు.

తిరుపతి వేంకట కవుల్లో తిరుపతిశాస్త్రి 1920లోనే పోయారు. అంటే మనం ఇప్పుడు వినే ఈ పద్యాలకి వందేళ్లు దాటాయి. అంతకుముందే, 1880ల్లో, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాల్లోకి పాటల్నీ పద్యాల్నీ తెచ్చారు. ఆయన వృత్తిరీత్యా వకీలు. కాబట్టి పగలు ఉద్యోగం, రాత్రి వేషం అనేది మనకి కొత్త సరదా కాదు, పద్యనాటకం పుట్టిందే అలా.

అందుకే ఆ మాస్టారి గొంతు పైస్థాయిలో జీరపోతే నాకేం ఇబ్బంది అనిపించలేదు. ఇబ్బంది వేరే చోట వచ్చింది. పడక సీను ముప్పావు గంట నడిచింది. ప్రతి పద్యానికీ ఆలాపన, ప్రతి ఆలాపనకీ ఈలలు, ఆపైన వన్స్ మోర్. అర్జునుడు కాళ్ల దగ్గర, దుర్యోధనుడు తల దగ్గర ఎదురు చూస్తూనే ఉన్నారు. తర్వాత టైము చాలదని ద్రౌపది సీను సగానికి కోసేశారు. మనం గతాన్ని తలుచుకునేటప్పుడు కూడా ఎడిటింగ్ చేస్తాం. ఏది తియ్యగా ఉంటుందో అది రెండుసార్లు, ఏది గుచ్చుకుంటుందో అది సగం.

ఆ మిగిలిన సగంలోనే నాటకం దొరికింది. ఆ అమ్మాయి విప్పిన జుట్టు చేత్తో పట్టుకుని కృష్ణుణ్ణి అడిగింది, నువ్వు సంధి కుదిర్చేస్తే నా సంగతేంటని. పద్యం పెద్దగా లాగలేదు. రాగం కంటే మాట ముందు వినపడేలా పాడింది. ముందు వరసలోంచి ఎవరో వన్స్ మోర్ అన్నారు. హార్మోనిస్టు మళ్లీ శ్రుతి ఇచ్చాడు. ఆమె పాడలేదు. కృష్ణుడి వైపు చూస్తూ అలాగే నిలబడింది. మాస్టారు కంగారుపడి, కాసేపటికి తల దించుకున్నారు. అది రిహార్సల్‌లో అనుకున్నదో, అప్పటికప్పుడు జరిగిందో గానీ, అంత జనంలో పల్లీలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది.

తర్వాత కౌరవసభలో మళ్లీ పాత కథే. యుద్ధం ఆపడానికి వచ్చిన కృష్ణుడు దుర్యోధనుడికి వీపు పెట్టి, మైకు వైపు తిరిగి, మనకి పాడాడు. అడిగిన ఐదూళ్లు ఎవరిని అడుగుతున్నట్టు? ఇంతకుముందు తల దించుకున్న మనిషి ఆ బరువుని సభలోకి మోసుకొచ్చి ఉంటే, అదే పద్యం ఎలా ఉండేదో!

తెల్లవారుజామున ఇంటికి నడుస్తూ ఇదంతా తాతయ్యతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"వన్స్ మోర్ అంటే మళ్లీ పాడమని కాదమ్మాయ్, మాకూ తెలుసని చెప్పడం. పక్కవాడి పెదాలు కూడా కదులుతుంటే ఉండే ఆనందం నీకు తెలీదు."

నిజమే, నాకు తెలీదు. ఆయన తరం పోతే ఆ పెదాలు కదలవు. పద్యం రానివాళ్లం మేము వచ్చి కూర్చోవాలంటే కథ నిలబడాలి. పద్యం వచ్చినవాళ్లు లేకపోతే ఈ నాటకం వేసేవాళ్లే ఉండరు. ఈ రెండిటిలో ఏది ముందన్నది నేను తేల్చలేను. ఆ అమ్మాయి ఒక్క నిమిషంపాటు రెండూ కలిపింది, అంతే.

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ తాతయ్య ఆగాడు.

"ఆ ద్రౌపది మాత్రం పాడకపోవడమే బావుంది," అన్నాడు.