పాట – పడవ – పని

రచనలోని వస్తువును బట్టి దాని సామాజిక ప్రయోజనాన్ని తేల్చడం మన విమర్శకు అలవాటు. ఆ రచనను నిలబెట్టిన శ్రమ ఎవరిది, అది ఏ విధంగా నిర్వహించబడింది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేస్తాం. అమెరికన్ ప్రజాగాయకుడు పీట్ సీగర్‌ను పాటలతోనే అంచనా కట్టడంలోనూ ఈ లోపమే ఉంది. ఆయన పాటలకంటే, ఆయన చొరవతో పుట్టిన 'క్లియర్‌వాటర్' అనే చెక్క ఓడ మనకు ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

1955లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ సంఘం ఎదుట తన రాజకీయ విశ్వాసాల గురించి జవాబు చెప్పడానికి సీగర్ నిరాకరించాడు. 1961లో శిక్ష పడింది. 1962లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. టెలివిజన్ తలుపులు ఏళ్ళ తరబడి ఆయనకు మూసుకుపోయాయి. అటువంటి మనిషి 1966లో, కాలుష్యంతో నిండిన హడ్సన్ నదిని కాపాడడానికి పాతకాలపు తెరచాప ఓడ కట్టాలని మిత్రులతో కలిసి పూనుకున్నాడు. కచేరీలతో, చందాలతో డబ్బు పోగుచేశారు. 106 అడుగుల ఆ ఓడ 1969 మే నెలలో మెయిన్ రాష్ట్రంలో నీటిలోకి దిగింది.

ఇది గతం మీద మోజు కాదా అని మిత్రులు అడగవచ్చు. ఒకప్పటి హడ్సన్ ఓడలు భూస్వాముల ధాన్యాన్నీ, వర్తకుల సరుకునూ మోసినవే. అదే రూపాన్ని తీసుకొని, సరుకుకు బదులు బడిపిల్లలను ఎక్కించి, నీటినీ, చేపనూ, వాటిని చంపే విషాన్నీ చూపించారు. బుర్రకథను ప్రజానాట్యమండలి వాడుకున్న తీరు ఎరిగినవారికి ఇది వింత కాదు.

అయితే ఈ కృతికి అసలు పరీక్ష శీతకాలంలో. చెక్కకు సముద్రజలంకంటే వాననీరే పెద్ద శత్రువు. ఉప్పు బూజును అడ్డుకుంటుంది, మంచినీరు పెంచుతుంది. అందుకే చలినెలల్లో తెరచాపలు దించాలి. కప్పీలు విప్పాలి, పాత వార్నిష్ గీకాలి, మోకులకు తారు పట్టించాలి. పుచ్చిన పలక తీసి, కొత్త ఓకు పలకను ఆవిరిలో వంచి బిగించాలి. సందుల్లో దూది, నార దట్టించాలి. ఈ పనిలో నిపుణులైన వడ్రంగుల పక్కన స్వచ్ఛంద కార్యకర్తలు నిలబడ్డారు. అక్కడ చప్పట్లు లేవు, సంతకం లేదు. సీగర్ 2014 జనవరిలో మరణించాడు. 2015–16 చలికాలంలో కింగ్‌స్టన్‌లో ఓడకు పెద్ద మరమ్మతు జరిగింది. కర్త పోయిన తరువాత కూడా కృతి సాగింది.

నాకు రెండు అభ్యంతరాలున్నాయి. కూలి లేని శ్రమను ఆదర్శంగా కీర్తించడం ప్రమాదం. తీరికా, తిండీ ఉన్నవారే దాన్ని ఇవ్వగలరు; రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి ఆ ఓడ మీద చోటు ఎంత అన్నది అడగవలసిందే. రెండవది, పాట విషాన్ని కడగదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ రెండు ఫ్యాక్టరీల నుంచి 1977 వరకు మూడు దశాబ్దాలపాటు పీసీబీ రసాయనాలు ఆ నదిలో చేరాయి. నది అడుగున పేరుకున్న ఆ విషాన్ని 2009–2015 మధ్య తవ్వి తీయించింది చట్టపు నిర్బంధమే. చట్టాన్ని అమలుచేయమని నిలదీసే జనాన్ని కూడగట్టడంలో ఓడకు పాత్ర ఉంది. అంతకుమించి దానికి ఘనత కట్టబెట్టడం భావవాదం.

ఇక మన సంగతి. మహాసభల వేదికకు మనకెప్పుడూ కొరత లేదు. సభ ముగిశాక చాపలు చుట్టేవారు, పత్రికకు ప్రూఫులు దిద్దేవారు, ఇల్లిల్లూ తిరిగి చందాలు రాబట్టేవారు ఏ సాహిత్య చరిత్రలోనూ కనబడరు. పత్రికలు ఆగిపోయేది రచనలు రాక కాదు, ఈ పని చేసే చేతులు కరువై. ఆ చేతులకు చరిత్రలో చోటివ్వనంత కాలం, సమష్టి గురించి మనం రాసే విమర్శ సగం అబద్ధమే.