నలుపు బాగుంటేనే నీలం

పాలపిట్ట రెక్కలో కనిపించే నీలానికీ, కోళ్ల పెంపకందారులు నీలం అని పిలిచేదానికీ చుట్టరికం లేదు. పాలపిట్ట ఈక లోపలి సూక్ష్మమైన అల్లిక వెలుతురును చెదరగొట్టి నీలాన్ని చూపిస్తుంది. కోడిది అలాంటి నీలం కాదు. అది పలచబడ్డ నలుపు, కాటుకలో పాలచుక్క వేసి రంగరించినట్టుంటుంది. ఆ పలచదనం ఒళ్లంతా ఒకే తీరుగా, ప్రతి ఈకకూ అంచు నల్లగా నిలిచేలా తీసుకురావడమే పెంపకందారు పనితనం.

జి.మాడుగుల లాంటి మన్యం సంతల్లో కోళ్లను కొనేవాళ్లు ముందు చేత్తో ఎత్తి బరువు చూస్తారు, తర్వాత కాళ్లు చూస్తారు. రంగు సంగతి కొలుపుకు కావాల్సినప్పుడే వస్తుంది. ఎర్రవీ నల్లవీ కలిసిన గుంపులో ఒకోసారి బూడిద రంగు పెట్ట కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా అడగరు. అలాంటి పెట్టను ఎండలోకి తెచ్చి రొమ్ము మీద ఒక ఈకను వేలితో విడదీసి చూడండి. మధ్యభాగం పలకరాయి రంగులో ఉంటుంది. అంచుకు వచ్చేసరికి సన్నటి నల్లగీత ఈక చుట్టూ తిరుగుతుంది. మంచి పెట్టలో ఆ గీత ఎక్కడా తెగదు, మందం మారదు. నాసిరకం దానిలో అంచు మసకబారి మధ్యలోకి కారిపోతుంది, నల్ల మచ్చలు అడ్డదిడ్డంగా పడతాయి. పుంజుకైతే మెడజూలు, వీపు దాదాపు నల్లగానే ఉంటాయి. అది లోపం కాదు. పుంజు నీలాన్ని రొమ్ము మీద, తొడల మీద చూసి తూచాలి.

ఈ రంగుకో చిక్కుంది. నలుపును పలచన చేసే జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వస్తే పిల్ల నీలం. ఇద్దరి నుంచీ వస్తే రంగు మరీ విరిగి, తెల్లటి ఒంటి మీద నీలి చుక్కలు చిందినట్టు పుడుతుంది. అసలు రాకపోతే నలుపు. అందుకే రెండు నీలాలను జతకడితే పిల్లల్లో సగమే నీలం, పావు నలుపు, పావు చుక్కల తెలుపు. స్పెయిన్ పేరు మోసే ఆండలూసియన్ కోళ్లతో ఇంగ్లండు పెంపకందారులు పందొమ్మిదో శతాబ్దంలో తలలు బద్దలుకొట్టుకున్నది ఇక్కడే. ఎంత ఏరినా నల్లపిల్లలు పుడుతూనే ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ మెండెల్ సూత్రాలతో లెక్క కట్టి చెప్పాకగాని అది వాళ్ల చేతకానితనం కాదని తేలలేదు. నీలాన్ని జాతిలో స్థిరపరచడం కుదరదు. తరం తరానికీ మళ్లీ తయారు చేసుకోవాల్సిందే.

లెక్క తెలిసినవాడికి దారి సులువే. నల్లదాన్నీ చుక్కల తెలుపుదాన్నీ జతకడితే పిల్లలన్నీ నీలమే. కానీ నీలంగా పుట్టడం వేరు, మంచి నీలంగా పుట్టడం వేరు. నీలాన్ని నీలంతోనే వరసగా కడుతూ పోతే రంగు వెలిసినట్టవుతుంది, అంచు గీత చెదురుతుంది. అప్పుడు ఆకుపచ్చ మెరుపున్న, జూలులో ఎరుపు చార ఒక్కటి కూడా లేని నల్లదాన్ని మళ్లీ మధ్యకు తేవాలి. పలచన చేసే జన్యువు నలుపు మీదే పనిచేస్తుంది, ఎరుపును ముట్టుకోదు. నల్లకోడిలో దాగున్న ఎరుపు నీలంలో ఇత్తడి రంగై బయటపడుతుంది. కాబట్టి గట్టి పెంపకందారు నీలికోడి కన్నా నల్లకోడినే ఎక్కువసేపు చూస్తాడు. నాకు ఈ విద్యలో నచ్చేది ఆ ఓపికే.

పందెంకోళ్ల వాళ్లు రంగులకు పెట్టిన పేర్లలో ఎరుపూ బూడిదా కలిసినదాన్ని మైల అంటారు. డేగ లాంటి ఎర్రకోడికి ఈ జన్యువు తగిలితే ఏమవుతుందో ఊహించండి. ఎరుపు ఎరుపుగానే నిలుస్తుంది, రొమ్మూ తోకా బూడిదబారతాయి. మైల వర్ణన దీనికి చాలా దగ్గర. కుక్కుటశాస్త్రం ఏ వారం ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి ఈ పేర్లు వాడుకుంది. దాని జోస్యం మీద నాకు గురి లేదుగాని, అంత సన్నటి తేడాలకు పేర్లు పెట్టిన కన్నుకు మాత్రం దణ్ణం పెట్టాలి.

రంగు మీద తొందరపడి తీర్పు చెప్పకూడదు. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల నూగు బూడిదగా కనిపించినా, అసలు ఈకలు పూర్తయ్యేదాకా, అంటే ఐదారు నెలలు, ఆగాలి. పుంజుల జూలులో ఎరుపు ఆలస్యంగా తేలుతుంది. ఎండకు ఈక తుప్పు రంగుకు తిరుగుతుంది కూడా. పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్న వెంటనే చూసిందే నిజమైన రంగు. కాఫీతోటల నీడలో తిరిగే కోళ్లకు ఎండ అనే ఈ ఒక్క విషయంలో మన్యం అనుకూలమే.

అనుకూలం కానిది సంఖ్య. నాటుపెట్ట పొదిగితే ఒక విడతకు పదో పన్నెండో పిల్లలు. గద్దకూ పిల్లికీ పోగా మిగిలినవాటిలో సగం నీలం అనే లెక్క ప్రతి విడతలోనూ సరిగ్గా పడదు. పైగా కొక్కెర తెగులు ఒక్కసారి వచ్చిందంటే ఏళ్ల ఎంపిక వారంలో మట్టిలో కలుస్తుంది. ఒక్క ఇంటి పెరడు ఈ పనికి చాలదు. అడ్డతీగల వైపు ఆదివాసీ ఊళ్లలో అసీల్ కోళ్లను నిలబెట్టడానికి ఆంత్ర సంస్థ స్థానికులతో కలిసి వాటా పద్ధతిని మళ్లీ వాడకంలోకి తెచ్చింది. ఒకరి పెట్టను ఇంకొకరు సాకి, పుట్టిన పిల్లల్ని పంచుకుంటారు. నీలానికి ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు. నల్లవి ఒక ఇంట్లో, చుక్కల తెలుపువి ఇంకో ఇంట్లో ఉంటే జత ఎప్పుడూ తెగదు, తెగులు ఒక ఇంట్లో తుడిచిపెట్టినా మరో ఇంట్లో విత్తనం ఉంటుంది.

మీ పెరట్లో బూడిద పెట్ట ఉంటే దాంతోపాటు పుట్టిన నల్లపిల్లల్ని సంతకు పంపేముందు ఒకసారి ఎండలో జూలు విప్పి చూడండి. ఎరుపు లేని పుంజును అట్టేపెట్టుకోండి, కొక్కెర తెగులు టీకా మాత్రం మరవకండి.