ఇంద్రుడి నిద్ర

2014లో విశాల్ హీరోగా వచ్చిన తమిళ సినిమా ‘నాన్ సిగప్పు మనిదన్’ తెలుగులో ‘ఇంద్రుడు’ అయింది. హీరోకి నార్కోలెప్సీ. ఉద్వేగం ఎక్కువైతే ఉన్నచోటే నిద్రలోకి కూలిపోతాడు, చెవులు మాత్రం పనిచేస్తాయి. దర్శకుడు తిరు రెండు లక్షణాల్ని కలిపేశాడిక్కడ. పట్టపగలు ముంచుకొచ్చే నిద్ర ఒకటి. నవ్వో కోపమో వచ్చినప్పుడు, మెలకువగా ఉండగానే ఒళ్ళు పట్టు తప్పే క్యాటప్లెక్సీ ఇంకోటి. మనవాళ్ళు దాన్ని ఫిట్స్ అనుకోవడమూ ఉంది.

సెకండాఫ్‌లో జబ్బు కాస్తా పగకి పనిముట్టు అయిపోయింది. నా పేచీ అక్కడే. మా కడప, కర్నూలు వైపు క్లాసులో తూగే పిల్లోడికి ఎదురయ్యేది రౌడీలు కాదు. “ఏమిరా కుంభకర్ణా” అనే సారు, మెలకువొచ్చీ కాళ్ళూ చేతులూ కదలకపోతే దయ్యమని తాయెత్తు కట్టే జేజి. వాడికి కావాల్సింది స్లీప్ ల్యాబ్. రాత్రంతా నిద్ర రికార్డు చేసి, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం రెండుసార్లు వెంటనే కలల నిద్రలోకి జారితే నార్కోలెప్సీ అన్నమాట. పూర్తిగా నయం కాదు గానీ మొడాఫినిల్ లాంటి మందులతో, వేళకి తీసే కునుకులతో చదువు సాగుతుంది.

ఇవేవీ సినిమాకి పట్టలేదు. అయినా ఫస్టాఫ్ కోసం ఒకసారి చూడొచ్చు.