గబ్బిలం చెవిలో

2024 మే 13న పోలింగ్. ఆ రోజూ, ఆ తర్వాతా పల్నాడులో జరిగిన గొడవలు టీవీలో చూస్తూ మా ముప్పాళ్ళలో కూర్చున్నాం. గుంపులు కూడకూడదని 144 సెక్షన్ పెట్టారు. అప్పుడే ఒక రాత్రి మిర్చి లెక్కలు రాసుకునే పుస్తకం వెనక అట్ట వైపు నుంచి కవిత రాశాను. నలభై లైన్లు, నలభై తిట్లు. పొద్దున్నే చూసుకుంటే అందులో నాయకుడి పేరు కొట్టేసి అవతలి పార్టీ వాడి పేరు పెట్టినా అతికినట్టు సరిపోయింది. తప్పు కవితదా, వాళ్లదా?

మా మామయ్యకి చదివి వినిపించాను. ఒకప్పుడు హరిశ్చంద్ర వేషం కట్టినవాడు. బలిజేపల్లి వారి నాటకమే అయినా కాటిసీనులో జాషువా శ్మశాన పద్యాలు పాడితేగానీ జనం కదిలేవాళ్లు కాదంటాడు. అంతా విని, "బానే ఉందిరా అల్లుడూ, ఇంతకీ ఇదంతా ఎవరికి చెబుతున్నావు?" అన్నాడు.

1965లో దిగంబర కవులూ కవితల్లో ఇలా కేకే పెట్టారు. తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ కేక అప్పటికి కావాల్సిందే. కానీ మామయ్య ప్రశ్నకి జవాబు నాకు మన వినుకొండ జాషువా దగ్గరే దొరికింది. 1941 నాటి 'గబ్బిలం'లో గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చేర్చమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షుడికి కబురు పంపడానికి మేఘం దొరికింది, ఇతనికి దొరికింది ఇదే. ఇతన్ని రానివ్వని గుళ్లో అది చూరు పట్టుకుని వేలాడుతుంది, ఎవరూ తోలరు. పైగా పూజారి పక్కన లేనప్పుడు చూసి చెప్పమంటాడు. నేను ఆగిపోయేది అక్కడే. ఫిర్యాదు చేసుకోవడానికి కూడా అదను చూసుకోవాల్సిన బతుకు! ఆ మాటల్లో తిట్టు ఒక్కటీ లేదు, చదివిన నాకు మాత్రం ఒళ్లు మండింది.

లెక్కల పుస్తకం మళ్లీ తీసి నలభై లైన్లూ కొట్టేశాను. ఆ 144 సెక్షన్ రోజుల్లోనే మా బజార్లో ఒక ముసలమ్మ పాలక్యాను పట్టుకుని వెళ్తుంటే కానిస్టేబుల్ ఆపాడు. "ఒక్కదాన్నేగా బాబూ, గుంపెట్టా అవుద్ది?" అంది. అతను నవ్వి పొమ్మన్నాడు.

ఆ మాటే మొదటి లైనుగా రాసుకున్నాను. రెండోది ఇంకా కుదరలేదు.